ఆరు నిమిషాల లెక్క

స్టాక్టన్‌లో, ఒకప్పుడు చెప్పుల కొట్టుగా ఉన్న ఆఫీసు.
గోడకింకా పాదాలు కొలిచే ఇనుప పళ్లెం వేలాడుతోంది.
దాని కిందే నా కుర్చీ.
లా స్కూల్ పంపింది నన్ను,
వారానికి పదహారు గంటలు, నాలుగు క్రెడిట్లకి, జీతం లేకుండా.
జీతాలు ఎగ్గొట్టినవాళ్లకి నోటీసులు రాయడం నా పని.
ఫోన్లో ఈ మాట అంటే
మా చెల్లి పడీ పడీ నవ్వింది.

ఇక్కడ ప్రతి ఆరు నిమిషాలకీ పద్దు రాయాలి,
గంటలో పదో వంతు.
ఫోను: సున్నా పాయింట్ రెండు.
ఫైలు వెతకడం: సున్నా పాయింట్ మూడు.
ఎదుటి మనిషి ఏడుస్తుంటే ఊరకే కూర్చోడానికి
కోడ్ లేదు. వెతికి చూశాను.

మంగళవారం ఓఫీలియా బర్రగాన్ వచ్చింది.
గోడౌన్‌లో పదకొండేళ్లు, అన్నీ రాత్రి డ్యూటీలే,
చేతిలో స్కానర్ కీచుమంటూ పెట్టెల్నీ ఆమెనీ కలిపే లెక్కపెట్టేది.
నాలుగు రాత్రులు వెళ్లలేదు.
ఐదో రాత్రి బ్యాడ్జి పెడితే గేటు తెరుచుకోలేదు.
ఇంట్లో మనిషికి పక్షవాతం.
మెత్తగా కలిపి నోట్లో పెట్టాలి,
రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి.

"ఆమె మీకేమవుతారు?"
ఫారంలో ఉన్నవి మూడే గడులు:
కన్నవాళ్లు, కట్టుకున్నవాళ్లు, కడుపున పుట్టినవాళ్లు.
ఓఫీలియా తన భాషలో ఒక మాట అంది: కొన్సువేగ్రా.
దుభాషి వేళ్లు మడిచాడు,
కూతురి... భర్తకి... తల్లి.
ఇంగ్లీషు మూడు మెట్లెక్కి ఆయాసపడుతోంది.
నాకు మాత్రం ఒక్క గుటకలో దిగిపోయింది,
వియ్యపురాలు.

పిల్లలిద్దరూ విడాకులు తీసుకుని చెరో ఊరూ పోయారట.
పెళ్లి పోయింది, వియ్యం మిగిలింది.
కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు.
వియ్యానికి ఉంది, మంచం మీద.
కయ్యానికి అవతల
శాన్ ఫ్రాన్సిస్కోలో ముప్ఫయ్యో అంతస్తు.

రాత్రంతా కూర్చుని పేజీన్నర రాశాను,
ఈ చుట్టరికం ఎంత బరువైనదో,
పీటల దగ్గర ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు
ఏమేం ఇచ్చిపుచ్చుకుంటారో.
మిస్ టోలివర్ ఎర్ర పెన్ను తీసింది.
"బాగుంది. తీసెయ్. తేదీలు రాయి."
తరవాత రాష్ట్ర చట్టంలో వేలు పెట్టి చూపింది:
ఉద్యోగి పేర్కొన్న వ్యక్తి.
ఉప్పులేని మాట.
తలుపు సందున కాలు పెట్టుకోడానికి సరిపోతుంది.

కానీ పేర్కొన్నట్టు రుజువేది?
సోమవారం లాకర్ల దగ్గర సూపర్‌వైజర్‌తో నోటితో చెప్పిందట.
పక్కన వన్నక్ అనే కుర్రాడు లంచ్ డబ్బా మూత పెడుతున్నాడట.
వన్నక్ ఫోనెత్తడం లేదు.

గురువారం సంతకాలకి వాళ్లింటికి వెళ్లాను.
"మందులు తెచ్చుకుంటా, పది నిమిషాలు చూస్తావా?"
అని ఓఫీలియా చెప్పులేసుకుంది.
గడియారం మూడు కొట్టింది. ఒత్తిగిలించే వేళ.
సెలవు చట్టం సెక్షన్లన్నీ నాకు నోటికొచ్చు,
చెయ్యి ఎక్కడ వెయ్యాలో తెలీలేదు.
ఆ పెద్దావిడే, దోన్యా యులాలియా,
పనిచేసే చేత్తో నా అరచెయ్యి పట్టి
తన రెక్క కింద పెట్టుకుంది.
ఎముక. చెమట. టాల్కం వాసన.
నేనెత్తానా, ఆమే నన్నెత్తిందా,
మొత్తానికి కిటికీ వైపు తిరిగింది.

ఆఫీసుకొచ్చి పద్దు తెరిచాను.
సున్నా పాయింట్ రెండు, అని రాసి
పని ఏమిటన్న చోట ఏమీ రాయలేదు.

శుక్రవారం, తాళం వేస్తుండగా, వన్నక్ ఫోన్.
"విన్నాను. ఆమె చెప్పింది.
కానీ నా పేరు రాయకండి."
ఆగాడు. వెనక స్కానర్ కీచుమంది.
పెట్టేశాడు.

సున్నా పాయింట్ ఒకటి.